పూలతొట్టిలో ఏడాదంతా వానాకాలమే

(అనంతపురంలో మిద్దెతోటలు పెంచేవాళ్లు, బేల్దారి మేస్త్రీలు కలిసి కూర్చున్న ఒక ఆదివారం సాయంత్రం ఓ సివిల్ ఇంజనీరు మాట్లాడిన మాటలివి. మధ్యలో వచ్చిన ప్రశ్నలను అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన మేస్త్రీలు ముందుకు రండప్పా. ఈ పొద్దు నా మాటలు ఎక్కువగా మీతోనే.

ఇంటిమీద కట్టుకునే పూలతొట్టెల గురించి, అంటే ప్లాంటర్ బాక్సుల గురించి చెప్పమని నన్ను పిలిచారు. వాటి నుంచి నీళ్లు ఇంట్లోకి దిగకుండా ఏం చేయాలన్నది విషయం. ఇంజనీరు కదా, తెలిసుంటుందని పిలిచారు. నాకు తెలిసింది ఇంజనీరింగ్ కాలేజీలో కాదు, మా ఇంటి హాల్లో. సోఫాకు సరిగ్గా పైన, సీలింగు మీద.

పన్నెండేళ్ల కింద ఇల్లు కట్టుకున్నా. మొదటి అంతస్తు బాల్కనీ అంచున పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు తొట్టి. ఇటుకతో కట్టించా. మేస్త్రీ అడిగాడు కూడా, ‘లోపల ఏమన్నా వేద్దామా సార్?’ అని. నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. ‘అనంతపురంలో వానెక్కడిదప్పా! సిమెంటులో వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి ప్లాస్టరింగ్ చెయ్, చాలు.’ (నవ్వులు)

నవ్వండి, నవ్వండి. మీలో సగం మంది ఇళ్లలో అదే జరిగింది.

మూడో ఏడు మరక వచ్చింది. అరచేయంత. పుట్టీ పెట్టించి రంగేయించా. ఆరు నెలలకు అది పళ్లెమంత అయింది. పెయింటరు మంచి ప్రైమర్ వాడలేదని అతనితో గొడవపడ్డా. తర్వాత పక్కనున్న బాత్రూం మీద అనుమానం వచ్చింది. టైల్స్ పగలగొట్టించి, పైపులు మార్పించి, కొత్త టైల్స్ వేయించా. మరక కదల్లేదు. చివరికి కనిపెట్టింది మా ఇంటావిడ. ఎండాకాలంలో వాళ్లక్క ఊరికి పోయి పదిహేను రోజులుండి వచ్చింది. మొక్కలకు నీళ్లు పోసే పని నాకు అప్పజెప్పి పోయింది. నేను పోయలేదు. వచ్చీ రాగానే పైకి చూసి, ‘మరక ఆరింది చూశారా’ అంది. మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెట్టింది. వారంలో మరక తిరిగొచ్చింది.

వానకూ ఆ మరకకూ సంబంధం లేదు. అక్టోబరులో ఎంత ఉందో మే నెలలోనూ అంతే ఉంది. ఈ ఒక్క ఆనవాలు ముందే పట్టుకుని ఉంటే నా బాత్రూం బతికేది. వానాకాలంలోనే ఉరిస్తే మిద్దె, ఏడాదంతా ఉరిస్తే పైపో, బాత్రూమో, పూలతొట్టో.

ఇప్పుడు చిన్న లెక్క. అనంతపురానికి ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ పడే నెలలు సెప్టెంబరు, అక్టోబరు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. మరి నా తొట్టి సంగతి? పొడవు పది, వెడల్పు రెండు, అంటే ఇరవై చదరపు అడుగులు. చదరపు మీటర్లలో చూస్తే రెండుకు కాస్త తక్కువ. మా ఆవిడ రోజూ ఒక చిన్న బక్కెట్, పది లీటర్లు పోస్తుంది. చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే ఒక మిల్లీమీటరు వాన పడినట్టు. అంటే తొట్టిలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల పైనే వాన. ఏడాదికి వేసుకోండి. 1,900 మిల్లీమీటర్లు దాటుతుంది. ఊరి మీద పడే వానకు మూడున్నర రెట్లు! ఊరంతా కరువున్న ఏడాదైతే ఇంకా ఎక్కువే పోస్తాం, మొక్కలు ఎండుతాయని.

‘వానెక్కడిదప్పా’ అన్న ఇంజనీరుకు ఈ గుణకారం రాలేదు.

పైగా వాన పడ్డ మిద్దె మరుసటి రోజు ఎండకు ఆరుతుంది. మన ఎండకైతే గంటలో ఆరుతుంది. తొట్టి అడుగు ఆరదు. పైన మట్టి గొడుగు పట్టినట్టు కప్పి ఉంటుంది. ఎండ తగలదు, గాలి తగలదు. పైన మట్టి పొడిగా కనిపించినా, వేలు నాలుగంగుళాలు గుచ్చి చూడండి, చల్లగా తగులుతుంది.

మన పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. మా అవ్వ ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద బండలు, వాటి మీద మట్టి, అన్నిటికంటే పైన చౌడు. ఇక్కడ చౌడు మిద్దెలో పుట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, ముప్పాతిక మంది. వానలకు ముందు ఊరి బయటి నుంచి చౌడు మట్టి బండికి తోలుకొచ్చి మిద్దె మీద పరిచేవాళ్లు. అదే చౌడు చేనుకొస్తే రైతు తల పట్టుకుంటాడు, నీళ్లు ఇంకవని. ఇంకని గుణమే మిద్దెకు కావాలి. అందులో సోడియం ఉప్పు ఎక్కువ. తడిస్తే మట్టి రేణువులు విడివిడిగా చెదిరి, సందుల్లో కూరుకుని, నీటికి దారి మూసేస్తాయి. చేనుకు పనికిరాని మట్టిని ఇంటికి వాటర్‌ప్రూఫింగ్ చేసుకున్నారు మనవాళ్లు.

ఇంకో పని చేసేవాళ్లు. వాన పడ్డాక మిద్దె మీద గడ్డి మొలుస్తుంది కదా. మా అవ్వ మమ్మల్ని పిల్లల్నందరినీ మిద్దె ఎక్కించి పీకించేది. ‘ఏర్లు దిగితే మిద్దె ఉరుస్తాది రా’ అనేది. మొలిచిన మొక్కను పీకేసిన అవ్వకు మనవణ్ని నేను. కాంక్రీటు మిద్దె మీదికి మట్టి మోయించి, మొక్క నాటి, దానికి రోజూ నీళ్లు పోశాను.

సరే, లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కాంక్రీటు రాయిలా కనిపిస్తుంది కానీ అందులో కంటికి కనపడని సన్న దారులుంటాయి. అడుగున నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటే ఆ దారుల్లో నెమ్మదిగా కిందికి పాకుతాయి. పోతూ పోతూ సిమెంటులోని సున్నాన్ని కరిగించుకుని పోతాయి. కింద సీలింగు దగ్గర గాలి తగలగానే ఆ సున్నం గట్టిపడి తెల్లగా పేరుకుంటుంది. కొన్ని పాత బిల్డింగుల్లో బాల్కనీ కింద తెల్లటి సన్న పుల్లలు వేలాడుతుంటాయి, చూశారా? బేలం గుహలకు పోయినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. అక్కడా సున్నమే, ఇక్కడా సున్నమే, పేరుకోవడానికి దారితీసే రసాయనం మాత్రం కొంచెం వేరు. గుహలో వేల ఏళ్లు పట్టేది మన సజ్జ కింద నాలుగైదేళ్లకే వేలాడుతుంది. చూడ్డానికి అందంగా ఉందని వదిలేయకండి. కింద ఎంత వేలాడుతోందో స్లాబులోంచి అంత పోయినట్టు.

ఆ సున్నం పోవడం వల్ల ఇంకో నష్టముంది. కాంక్రీటులోని కడ్డీలను తుప్పు పట్టకుండా కాపాడేది ఆ సున్నపు గుణమే. అది తగ్గి, దానికి తోడు మన బోరు నీళ్లలోని ఉప్పులు చేరితే కడ్డీకి తుప్పు మొదలవుతుంది. ఇనుముకు తుప్పు పడితే రెండు రెట్లకు పైగా చోటు కావాలి. చోటు లేక కాంక్రీటును పగలదీస్తుంది. పెచ్చులూడడం అంటే అదే.

మేస్త్రీలు ఇక్కడ జాగ్రత్తగా వినండి. గదిలోని స్లాబుకు అసలు బరువు మోసే కడ్డీలు ఎక్కడుంటాయి? అడుగున. బాల్కనీకి? పైన. ముందుకు పొడుచుకొచ్చిన స్లాబు కదా, పైనుంచి పట్టి లాగాలి. మరి పూలతొట్టి ఎక్కడ పెడతాం? బాల్కనీ మీద. చెమ్మ ఎక్కడి నుంచి దిగుతుంది? పైనుంచి. అంటే బాల్కనీని నిలబెట్టే కడ్డీకే ముందు తడి తగులుతుంది. కిందికి మరక వచ్చేసరికి పైనున్న కడ్డీకి ఎన్నాళ్ల నుంచో తుప్పు పడుతూ ఉంటుంది. గదిలో అయితే పెచ్చులూడి ముందే చెప్తుంది. బాల్కనీలో ఆ పెచ్చు మట్టి కింద దాక్కుని ఉంటుంది.

నా తొట్టి ఖాళీ చేయించినప్పుడు చూశా. ప్లాస్టరింగ్ తట్టితే డొల్ల చప్పుడు. స్లాబు పైపొర పలకలా లేచొచ్చింది. కింద పది మిల్లీమీటర్ల కడ్డీ ఒకచోట పెన్సిలంత సన్నబడి ఉంది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ బాల్కనీలోనే మా మనవడు ఎగిరేవాడు.

ఇక నీళ్లు ఎక్కడ కారతాయంటే, మధ్యలో కారేది తక్కువ. అతుకుల దగ్గర కారేదే ఎక్కువ. నా తొట్టిలో నాలుగు తప్పులు దొరికాయి. నా తప్పులే చెప్తా, ఊరివాళ్లవి ఎందుకు.

మొదటిది స్లాబు, ఇటుక గోడ కలిసేచోటు. స్లాబు ఒక రోజు పోసినది, ఇటుక ఇంకో రోజు కట్టినది. రెండూ ఎప్పటికీ ఒకటి కావు. పైగా మన ఎండ. ముప్పై అడుగుల కాంక్రీటు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. ఇటుక దాని లెక్కలో అది కదులుతుంది. మధ్యలో సిమెంటు పూత వెంట్రుకవాసి చీలుతుంది. నీటికి వెంట్రుకవాసి చాలు. అందుకే సిమెంటులో లిక్విడ్ కలపడం గురించి చెప్తున్నా. అది చెడ్డదని కాదు, పూతలో సన్న కన్నాలను తగ్గిస్తుంది. చీలిక వచ్చాక దాన్ని పట్టి ఉంచే సత్తువ దానికి లేదు. ‘లిక్విడ్ కలిపాం సార్, వాటర్‌ప్రూఫ్ అయిపోయింది’ అంటే సగం మాట అది.

రెండోది నీళ్లు పోయే పైపు. గోడంతా కట్టాక సుత్తితో పొడిచి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు మెత్తారు. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దాన్ని పట్టుకోదు. ఆర్నెల్లకు చుట్టూ సందు. ఇంకో తమాషా ఏమంటే పైపు నోరు తొట్టి అడుగు కంటే ముప్పావు అంగుళం పైన ఉంది. అంటే ఎంత బాగా పారినా ముప్పావు అంగుళం నీళ్లు ఎప్పటికీ అక్కడే. దోమ గుడ్లు పెట్టని చెరువు, అంతే.

మూడోది, ఇంటి గోడనే తొట్టికి ఒక పక్క గోడగా వాడుకున్నా. ఒక ఇటుక వరస మిగిలిందని సంబరం. అటువైపు మా పడకగది. బీరువా వెనక గోడంతా ఉబ్బులు.

నాలుగోది కట్టినప్పటి తప్పు కాదు, తర్వాతది. ఏటా పైన ఎరువు వేస్తూ, మట్టి కలుపుతూ పోయాం. మొదట అంచుకు అరడుగు కిందున్న మట్టి చివరికి అంచు దాకా వచ్చింది. నీళ్లు పోస్తే పూత అంచు పైనుంచే పొర్లి ఇటుకలోకి దిగేవి.

(ప్రశ్న: ‘సార్, అంత తిప్పలైతే అసలు కట్టద్దంటారా?’ అని ఒకామె అడిగారు.)

కట్టండక్కా. నేనూ మళ్లీ కట్టా. ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. అది పూలకుండీ కాదు, నీళ్ల సంపు. సంపు కట్టేటప్పుడు మన మేస్త్రీలు ఎంత శ్రద్ధ పెడతారో చూడండి. మూలలు, పైపు సందులు రెండుసార్లు చూస్తారు, నీళ్లు నింపి చూస్తారు. ఎందుకంటే అందులో నీళ్లుంటాయని తెలుసు. తొట్టిలో పూలుంటాయి అనుకుంటాం కాబట్టి ఇటుక పేర్చి పోతాం. పైగా సంపు కారితే నేలలోకి పోతుంది, తొట్టి కారితే మంచం మీదికి.

ఎలా కట్టాలో చెప్తా. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లయితే స్లాబు పోసేరోజే, అదే కాంక్రీటుతో, తొట్టి చుట్టూ కనీసం అరడుగు గట్టు పోయించుకోండి. మొత్తం గోడలు కాంక్రీటుతోనే అయితే మరీ మంచిది. పైపును కూడా ఆ రోజే పెట్టి పోయాలి. రెండంగుళాలకు తగ్గకూడదు, మూడైతే మేలు. పైపు బయటి వైపు ఇసుక కాగితంతో గరుకు చేసి, పైపులు అతికించే సొల్యూషన్ పూసి, తడిగా ఉండగానే ఇసుక చల్లండి. అప్పుడు సిమెంటు పట్టుకుంటుంది. అడుగుకు వాలు ఇవ్వాలి, నూటికి ఒకటి తగ్గకుండా. పదడుగుల తొట్టికి అంగుళంపావు. ఇంకో చిన్న పైపు పై అంచుకు కొంచెం కింద పెట్టండి. కింది పైపు మూసుకుపోయిన రోజు అదే కాపాడుతుంది. ఆ పైపులోంచి నీళ్లు వస్తున్నాయంటే కిందిది మూసుకుందని మీకు కబురు పంపినట్టు.

తర్వాత మూలలు. అడుగు, గోడ కలిసేచోట తొంభై డిగ్రీల మూల ఉండకూడదు. రెండంగుళాల మేర సిమెంటు గచ్చుతో గుండ్రంగా నింపండి. ఏ పూతైనా, ఏ షీటైనా పదునైన మూలలోనే ముందు తెగుతుంది. మేస్త్రీ, మీరు సంపులో మూలలకు గుండ్రం కొడతారు చూడు, అదే.

ఇక అసలు పూత. షాపుకు పోతే పది రకాలు చూపిస్తాడు. కంపెనీ పేర్లు నేను చెప్పను. రకాలు చెప్తా. సిమెంటు పొడి, పాలలాంటి ద్రవం కలిపి బ్రష్‌తో వేసేది ఒకటి. చవక, సులువు, కొంత సాగుతుంది. వేళ్లను మాత్రం ఆపలేదు. చిన్న మొక్కల తొట్టికి మీద రక్షణ పొర వేసి వాడుకోవచ్చు. రెండోది పాలీయూరిథేన్, రబ్బరులా సాగే పూత. రెండు కోట్లలో ఒకటిన్నర మిల్లీమీటరు మందం రావాలి. నాకైతే ఇదే నచ్చింది, మూలల్లో, పైపు చుట్టూ అతుకు లేకుండా ఒకే తోలులా వస్తుంది. మూడోది మంటతో కాల్చి అతికించే తారు షీటు. పెద్ద మిద్దెకు బాగుంటుంది, రెండడుగుల తొట్టిలో మూలమూలకూ కత్తిరించి అతకాలి, అతుకులు ఎక్కువవుతాయి. ఒట్టి తారును వేళ్లు సులువుగా తొలుచుకుపోతాయి కూడా. కొనేటప్పుడు వేళ్లను తట్టుకునే రకమా కాదా అని అడిగి, డబ్బా మీదో కాగితంలోనో రాసుందేమో చూసి కొనండి.

ఒక జాగ్రత్త. సిమెంటు రకం పూతకు గోడ తడిపి ఉండాలి, పాలీయూరిథేన్‌కు గోడ ఎండి ఉండాలి. ఒకటి తడి అడుగుతుంది, ఒకటి పొడి అడుగుతుంది. తారుమారైతే సిమెంటు పూత పొడిబారి రాలుతుంది, రబ్బరు పూత పొక్కులు లేస్తుంది. మన ఊళ్లో ఇంకోటి. ఏప్రిల్‌లో పొద్దున పది గంటలకు పూత వేస్తారు. ఎండ ఎక్కేకొద్దీ కాంక్రీటులోని గాలి వేడెక్కి పైకి పొడుచుకొస్తుంది, పూతలో సూదికన్నాలు పడతాయి. సాయంత్రం నాలుగు దాటాక, స్లాబు చల్లబడుతున్నప్పుడు వేయండి. ఇది నేను పొక్కులు చూసి నేర్చుకున్నది.

పూత లోపలి గోడ మీద పైదాకా పోవాలి. మట్టి మట్టానికి ఆరంగుళాలు పైకి. మట్టి మట్టం దగ్గర ఒక గీత గీసి పెట్టుకోండి. ఏటా ఎరువేసేటప్పుడు ఆ గీతను దాటకూడదు. తొట్టి గోడ పైన కడప బండ పరవండి, లోపలికి వాలుగా. బండ బయటి అంచు కింద ఒక గాడి కోయించండి. గాడి ఉంటే నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది, గోడ వెంట పాకదు.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే పని. నీళ్లు నిలబెట్టి చూడడం. పైపు నోరు బిరడాతో మూసి, తొట్టి నిండా నీళ్లు నింపి మూడు రోజులు ఉంచండి. మట్టి పోశాక ఈ పరీక్ష చేయలేరు. మట్టి పోసే ముందు ఈ ఒక్కసారే అవకాశం. నింపిన మట్టం దగ్గర పెన్సిల్ గీత గీయండి. మూడో రోజు చూస్తే నీళ్లు తగ్గుంటాయి. మేస్త్రీ ఏమంటాడు? ‘ఎండకు ఆవిరైపోయింది సార్.’ (నవ్వులు) నిజమే కావచ్చు కూడా. మన ఎండాకాలంలో రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఆవిరైనా ఆశ్చర్యం లేదు. అందుకని ఒక పని చేయండి. ఒక బక్కెట్‌లో నీళ్లు పోసి, తొట్టి నీళ్లలోనే నిలబెట్టండి. బక్కెట్ లోపలా గీత పెట్టండి. మూడు రోజుల తర్వాత బక్కెట్‌లో ఎంత తగ్గిందో తొట్టిలోనూ అంతే తగ్గుంటే అది ఎండ తాగింది. తొట్టిలో ఎక్కువ తగ్గుంటే స్లాబు తాగింది. ఇంక మీకూ మేస్త్రీకీ వాదన ఉండదు. కింది గదిలోకి కూడా పోయి టార్చి వేసి చూడండి, ముఖ్యంగా పైపు దిగేచోట.

ఆ తర్వాతే లోపల నింపడం. పూత మీద నేరుగా కంకర పోయకండి, గుచ్చుకుంటుంది. గుంతలు గుంతలుగా ఉండే డ్రైన్ షీటు దొరుకుతుంది, అది పరవండి. దాని మీద రెండు మూడంగుళాల గులకరాయి. ఆపైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ, మట్టి కిందికి కొట్టుకుపోకుండా. మా ఇంట్లో మొదట పాత నూలు చీర వేశాం. ఏడాదికే కుళ్లిపోయింది, మట్టంతా పైపులోకి దిగింది. పైపు నోటి దగ్గర నాలుగంగుళాల పైపు ముక్కకు కన్నాలు పొడిచి, నిలువుగా పెట్టి, పైన మూత పెట్టుకోండి. ఎప్పుడైనా మూత తీసి చూస్తే అడుగున నీళ్లు నిలిచాయో లేదో తెలుస్తుంది. కట్టె దూర్చి పైపు శుభ్రం చేసుకోవచ్చు.

మొక్కల గురించి మీకు నాకంటే తెలుసు. వెదురు మాత్రం పెట్టద్దు, దాని దుంప మొన సూదిలా పొడుచుకుపోతుంది. రావి, జువ్వి మనం పెట్టం, పిట్టలు పెడతాయి. రెండాకులప్పుడే పీకేయండి. నా తొట్టిలో కాగితాల పూలచెట్టు ఉండేది. దాని వేరు పైపులోకి దిగి మూడడుగులు పోయింది. మల్లె, కనకాంబరం, ఆకుకూరలు, ఇలాంటివి పెట్టుకోండి. నిమ్మచెట్టు మీద మనసుంటే కింద నేలలో పెట్టుకోండి.

బరువు మాట మరిచిపోయా, అది ముందే చెప్పాల్సింది. నా తొట్టిలో ముప్పై ఘనపుటడుగుల మట్టి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,800 కిలోలు ఉంటుంది. లెక్కేస్తే టన్నున్నర. సిమెంటు బస్తాల్లో చెప్పాలంటే ముప్పై బస్తాలు, ఏడాదంతా బాల్కనీ అంచున. గోడల బరువు ఇంకా కలపలేదు. ఇంటి బాల్కనీకి ఇంజనీర్లు మామూలుగా పట్టే బరువు చదరపు మీటరుకు 300 కిలోలు. అంటే ఆ చోటుకు పదకొండు బస్తాలు. నా ఇంటి డ్రాయింగులో తొట్టి లేదు. కట్టేటప్పుడు ముచ్చటపడి పెట్టించా. డ్రాయింగులో లేనిది తర్వాత పెట్టద్దు. పెట్టాలనుంటే డిజైన్ చేసినవాళ్లను అడిగి పెట్టండి. మట్టి బదులు కొబ్బరి పొట్టు, ఎరువు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది. లోతు కూడా ఆకుకూరలకు అడుగున్నర ఎందుకు, ముప్పావు అడుగు చాలు.

ఇప్పుడు అడగండి.

(ప్రశ్న: ‘మాది ఇప్పటికే కారుతోంది. పైన మొక్కలు పీకేయకుండా, కింద సీలింగుకు ఏమన్నా పూయొచ్చా?’)

పూయొచ్చు, నేను మూడుసార్లు పూశాగా! (నవ్వులు) కింద పూస్తే నీళ్లు ఆగవు, కనపడవు. స్లాబులోనే ఉండిపోతాయి, లేదా పక్కకు పాకి ఇంకోచోట తేలతాయి. కడ్డీకి ఇంకా తడి ఎక్కువ. మీరు ముందు పదిహేను రోజులు నీళ్లు పోయడం ఆపి చూడండి. మరక ఆరితే తొట్టిదే. అప్పుడు ఖాళీ చేయాల్సిందే, అడ్డదారి లేదు. మొక్కలు గ్రో బ్యాగుల్లోకి, అంటే మొక్కలు పెంచే సంచుల్లోకి మార్చుకోండి. లోపలి ప్లాస్టరింగ్ తట్టి చూసి డొల్లగా ఉన్నదంతా తీసేయండి. కడ్డీ కనిపిస్తే మాత్రం మేస్త్రీతోనే ముగించద్దు, ఇంజనీరుకు చూపించండి. నాకు తుప్పు గీకించి, రిపేరు గచ్చు పెట్టించి, మళ్లీ పూత వేయించేసరికి తొట్టి కట్టిన ఖర్చుకు అయిదు రెట్లయింది. బాత్రూం లెక్క వేరే.

(ప్రశ్న: ‘కడప బండలే నిలబెట్టి తొట్టి చేస్తే? బండలోంచి నీళ్లు పోవు కదా?’)

బండలోంచి పోవప్పా, బండకూ బండకూ మధ్యలోంచి పోతాయి. తాడిపత్రి బండైనా, బేతంచెర్ల బండైనా అంతే. మీరు అడుగున బండ పరిచినా సందుల్లో సిమెంటే కదా. అయితే ఒక మంచి వాడకం ఉంది. బండలతో చేసిన తొట్టిని స్లాబు మీద ఆనించకుండా, కింద నాలుగంగుళాల ఎత్తు కాళ్ల మీద పెట్టండి. కారినా మిద్దె మీద కారుతుంది, కంటికి కనపడుతుంది, గాలికి ఆరుతుంది. నన్నడిగితే, ఉన్న ఇంటిమీద కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే నయం. అప్పుడూ బరువు లెక్క మాత్రం చూసుకోవాలి. గోడల పైన, దూలాల పైన వచ్చేలా పెట్టండి, బాల్కనీ అంచున కాదు.

(ప్రశ్న: ‘టార్పాలిన్ పట్ట పరిస్తే?’)

రెండేళ్లు. మడతల దగ్గర చినుగుతుంది, పలుగు తగిలితే చినుగుతుంది. అసలు చిక్కు పైపు దగ్గర. పట్టకు కన్నం చేసి పైపు ఎలా కలుపుతారు? కన్నం చేయకపోతే నీళ్లు నిలిచి మొక్క కుళ్లుతుంది, చేస్తే కింద స్లాబు తడుస్తుంది.

(ప్రశ్న, ఒక యువ మేస్త్రీ: ‘మూడు రోజులు నీళ్లు నిలబెట్టమన్నారు సార్. ఆ మూడు రోజులు మా కూలీ ఎవరిస్తారు? ఓనర్లు ఇయ్యరు. అందుకే మేం వెంటనే మట్టి పోసేస్తాం.’)

నువ్వు అడిగింది న్యాయం. అక్కలూ అన్నలూ, ఈ ప్రశ్న మీకు. పని మాట్లాడుకునేటప్పుడే నీళ్లు నిలబెట్టే మూడు రోజులు రాసుకోండి. ఆ మూడు రోజులు మేస్త్రీని ఊరికే కూర్చోబెట్టక్కర్లేదు. పిట్టగోడ మీద బండలు, కింద మెట్ల దగ్గర పూత, ఏదో ఒక పని మిగిలే ఉంటుంది కదా, అది అప్పుడు పెట్టుకోండి. ఏ పనీ లేదంటే ఒక రోజు కూలీ అయినా చేతిలో పెట్టండి. నేను బాత్రూం టైల్స్‌కు పెట్టినదాంట్లో అది పదో వంతు కూడా కాదు. తమ్ముడూ, నీకూ ఒక మాట. నాలుగో రోజు పొద్దున ఓనరును పక్కన పెట్టుకుని బక్కెట్ గీత, తొట్టి గీత రెండూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. రేపు ఆ ఇంట్లో బాత్రూం కారినా ముందు నీ తొట్టినే అంటారు. అప్పుడు ఆ ఫోటో తీసి చూపించు.